చెన్ గారు పేజీ మొత్తం చదివేశారు

చెన్ గారు ఇవాళ ఇంగ్లీషు పేజీ మొత్తం పైకి చదివేశారండోయ్!

మా అమ్మాయి సుజాత ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్ ఊరి లైబ్రరీలో చైనా వాళ్లకి శనివారాలు ఇంగ్లీషు నేర్పుతుంది. చెన్ గారు నా వయసావిడ. తప్పు పోతుందన్న భయంతో నెల రోజులుగా నోరు విప్పలేదు. ఇక మానేస్తానన్నారట. ఇవాళ సుజాత ఆవిడని నా ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఆవిడ చదువుతారు. నువ్వు విను నాన్నా."

"ఏడో క్లాసు చదివినవాణ్ణి, నాకేం తెలుస్తుందే?"

"నా చిన్నప్పుడు తెలిసే విన్నావా?"

నిజమే. ఆ రోజుల్లో బట్టల కొట్టు నుంచి ఇంటికొచ్చి, దాని ఇంగ్లీషు వాచకం వింటూ "బాగుంది, ఇంకోసారి చదువమ్మా" అనేవాణ్ణి. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ సంగతి దానికి అప్పుడే తెలుసట!

చెన్ గారు ఆగిన చోటల్లా తలూపాను. పేజీ అయ్యాక ఆవిడే నవ్వి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

చిన్నప్పుడు మీ చదువు ఎవరు వినేవారో రాయండి. ఈ కబురు తెనాలి అక్కయ్యకి, చీరాల తమ్ముడికి, మరదలికి, పిన్నికి మీరే చెప్పాలి. ఆడపిల్లకి ఇంగ్లీషెందుకన్న పెద్ద బావగారికి మాత్రం కాస్త గట్టిగా చెప్పండి, ఆయనకి వినపడదు.