పొంగనాల మీద పంచదార

విదేశంలో, రౌస్ హిల్‌లో ఉండే మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, పక్కనే మండుటెండలో క్రిస్మస్ సంత పెట్టారు; అక్కడ డిసెంబరంటే ఎండాకాలం. పింగాణీ గిన్నెలు కొందామని వెళ్లి బేరం మొదలుపెట్టాను. ఇక్కడ బేరాలాడరని చెల్లెలు చెయ్యి పట్టి లాగింది. అంతలో ఓ తెల్లజుట్టు పెద్దావిడ స్టాల్లో గుంతల పెనం కనబడింది. సన్నటి పుల్లతో చకచకా తిప్పుతోంది. అనంతపురం మనిషిని, పొంగనాలు చూశాక కాళ్లు కదుల్తాయా?

ఆవిడ ఆరింటిని ప్లేట్లో పెట్టి, పైన పంచదార పొడి కుమ్మరించింది.

"చట్నీ ఏదీ?" అన్నాను ఇంగ్లీషులో.

"దీనికి చట్నీ ఏంటమ్మా? ఇది మా అమ్మమ్మ హాలండ్ నుంచి తెచ్చిన వంట."

"హాలండా! ఇవి మా రాయలసీమవి."

"అక్కా ప్లీజ్, క్యూలో అందరూ చూస్తున్నారు," అని చెల్లెలు తెలుగులో బతిమాలింది.

చూడనీ. హ్యాండ్‌బ్యాగులోంచి చెనక్కాయల కారప్పొడి డబ్బా తీసి, ఒకదాని మీద చల్లి ఆవిడకే ఇచ్చాను. నమిలింది. ముక్కు ఎర్రబడింది. కళ్లు తుడుచుకుంటూ, "మా అమ్మమ్మ చూసుంటే నన్ను ఇంట్లోంచి గెంటేసేది," అని డబ్బా కోసం చెయ్యి చాపింది. డబ్బా ఆవిడకే వదిలేశాను. మర్యాద కోసం మిగతా ఐదూ పంచదారతోనే తిన్నాను.

గెలిచింది నేనేనని దారంతా చెల్లెలి బుర్ర తినేశాను.

ఇప్పుడు అనంతపురంలో ప్రతి ఆదివారం, ఇంట్లోవాళ్లు లేవకముందే నాలుగు పొంగనాలు వేసుకుని, పంచదార పొడి చల్లుకుని తింటున్నాను. ఈ సంగతి మా అత్తగారికి తెలిసినా ఫర్వాలేదు గానీ, రౌస్ హిల్ దాకా మాత్రం పోకూడదు.