తడిపిన గొయ్యి

ఆయన్ని అందరూ టెస్టరు అనేవాళ్లు. చొక్కా మారినా జేబులో టెస్టరు మారేది కాదు. పెళ్లి ఫోటోలో సైతం అది తొంగి చూస్తూ ఉంటుంది. ఇరవై రెండేళ్ల పాటు కొండ కింది పట్నంలో పెద్ద దుకాణాలకూ ఆఫీసులకూ వైరింగు చేసి, వంక పెట్టడానికి వీల్లేని పనివాడనిపించుకున్నాడు. నలభై తొమ్మిదో ఏట సొంత మనుషుల పని దొరికింది. కొండ మీది గిరిజన గూడేల కోసం ప్రభుత్వం కట్టిస్తున్న కాన్పుల ఆసుపత్రికి కరెంటు పనంతా ఆయనదే.

ఆ ఆసుపత్రి కోసం గూడెం పదకొండేళ్లు అర్జీలు పెట్టింది. నొప్పులు మొదలైతే మనిషిని మంచం మీద పడుకోబెట్టి నలుగురూ మోసుకుంటూ కొండ దిగాల్సిందే. దిగుతూ దారిలో పోయినవాళ్ల పేర్లు టెస్టరుకి కంఠతా వచ్చు. వాటిలో మొదటిది వాళ్లమ్మది. ఆయన్ని పెంచింది అక్క.

చిక్కంతా ఎర్తింగు దగ్గర వచ్చింది. ఇది చెప్పకపోతే కథ నడవదు, కాస్త ఓపిక పట్టండి. మెషీన్లో తీగ తెగి రేకుకు తగిలితే, ఆ కరెంటు మనిషిలోంచి కాకుండా నేలలోకి పోవాలి. అందుకని తొమ్మిదడుగుల గొయ్యి తీసి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ నింపుతారు. ఇక్కడ నాలుగడుగులకే బండ తగిలింది. గునపాలు వంగాయి తప్ప బండ కదల్లేదు, ఆ లోతుకే పైపు దించేశారు. ప్రారంభోత్సవమేమో శుక్రవారం.

"నాలుగు బిందెలు పోసి రీడింగు తియ్యవయ్యా, అదే వస్తుంది," అన్నాడు ఇంజినీరు.

పరీక్షకు ముందు గొయ్యి తడపడం ఆ వృత్తిలో అందరూ చేసేదే. పట్నంలో టెస్టరు వందసార్లు చేసి ఉంటాడు. అక్కడ మట్టి లోతు, అడుగున ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. తడిపినా తడపకపోయినా పెద్ద తేడా రాదు. ఆ అలవాటే ఇక్కడా చేతిని నడిపించింది. మీటరు మూడు చూపించింది. ఆ అంకె ఎంత తక్కువైతే నేల కరెంటుని అంత బాగా లాక్కుంటుందని లెక్క; మూడంటే బంగారం లాంటి రీడింగు. సంతకం పెట్టేశాడు.

మూడు రోజుల తర్వాత, బుధవారం పొద్దున, అక్క వచ్చింది. ఆసుపత్రి బట్టలు ఉతికే పని ఆవిడకిచ్చారు. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, అప్పుడే కడిగిన నేల మీద వట్టికాళ్లతో నడిచి, బట్టల మెషీను మీద రెండు చేతులూ ఆనించింది.

"ముట్టుకోకు!" టెస్టరు గావుకేక పెట్టాడు. "చెప్పులేవీ?"

"కొత్తదాన్ని చెప్పులతో తొక్కుతారట్రా? అయినా కరెంటు పెట్టింది నువ్వైతే నాకు భయమెందుకు?"

పట్నంలో ఎవరూ తడినేల మీద వట్టికాళ్లతో నిలబడలేదు. ఇక్కడ అందరూ అలాగే నిలబడతారు. అక్క వెళ్లగానే మీటరు పట్టుకుని గొయ్యి దగ్గరికి పరిగెత్తాడు. పోసిన నీళ్లన్నీ ఎండ తాగేసింది. ముప్పై ఎనిమిది. మూడుసార్లు తీశాడు. మూడుసార్లూ ముప్పై ఎనిమిదే.

"ఇప్పుడు చెబితే ఎలా?" ఇంజినీరు ఒంటికాలి మీద లేచాడు. "కాగితం పైకి పోయింది. షాకు కొట్టగానే కరెంటు ఆపే స్విచ్చు వచ్చే నెల వస్తుంది. అందాకా రోజూ నీళ్లు పోయించు."

"పోయని రోజు ఏమవుతుందండీ?"

"తప్పు రాశానని నీ నోటితో నువ్వే అంటే పోయేది నీ లైసెన్సు."

అది నిజమే. టెస్టరు ఆ మధ్యాహ్నమే తన రీడింగు తప్పని పై ఆఫీసుకి రాసిచ్చాడు. మెయిన్ ఫ్యూజులు పీకి సంచిలో వేసుకున్నాడు. ప్రారంభోత్సవం ఆగిపోయింది. కరెంటు వచ్చాక కబురు పెట్టండని నర్సమ్మ పట్నం వెళ్లిపోయింది. మనవాడే అని మురిసిన గూడెం ఆయన్ని చూసి మొహం తిప్పుకుంది.

అందరికంటే ఎక్కువ మండిపడింది అక్క. "పదకొండేళ్లు ఆగాం. ఆ నాలుగు బిందెలూ రోజూ నేనే పోసేదాన్ని కదరా!"

"నీకు జ్వరం వచ్చిన రోజు?"

"జ్వరమొచ్చినా పోస్తాను," అని విసురుగా వెళ్లిపోయింది.

వాగు ఒడ్డున మట్టి మెత్తగా ఉంటుంది. అక్కడ కొత్త గొయ్యి తీసి, రాగి పట్టీని ఆసుపత్రి దాకా పరవాలని ఒక్కడే పలుగు పట్టాడు. ఐదో రోజు మధ్యాహ్నం ఆరడుగులు దిగాక పైనుంచి కేకలు వినబడ్డాయి. మంచం దిగుతోంది. మంచం మీద తొలిచూలు పిల్ల. తెల్లటి కొత్త గోడల పక్కనుంచే, మూసిన తలుపుల ముందునుంచే మోసుకొస్తున్నారు. ఆయన్నెవరూ పలకరించలేదు.

పలుగు పారేసి పరుగున వెళ్లి మంచానికి ఒక కోడు కింద భుజం పెట్టాడు. పక్క కోడు కింద అక్క ఉంది. అడుగడుక్కీ ఆ పిల్ల అరుస్తోంది. ప్రతి అరుపుకీ తానే కారణమనిపించి ఆయనకు ఏడుపొచ్చింది. ఫ్యూజులు పెట్టేసి నర్సమ్మకి కబురు చేస్తే రేపు ఇంకో మంచం దిగదు కదా అనుకున్నాడు. ఆ మాట పైకే అనేశాడు.

అక్క మలుపు తిరిగాక, ముందుకే చూస్తూ అంది.

"శుక్రవారం నుంచి ఆ పాత గోతిలో రోజూ నీళ్లు పోస్తున్నానురా, మానకుండా పోయగలనని చూపించి నీ నోరు మూయించాలని. నిన్న మర్చిపోయాను."

ఆవిడ కోడుని ఇంకో భుజానికి మార్చుకుంది.

"ఫ్యూజులు పెట్టకు. గట్టిగా పట్టుకో, పిల్ల కదులుతోంది."