ఒక పన్ను పక్కకు బిగించిన లివర్

తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో మినీ ట్రాక్టర్ నడుపుతాను. ఏడేళ్లుగా దాని సీటు మీద నేను తప్ప ఎవరూ కూర్చోలేదు. విల్లాల వాళ్లంతా గచ్చిబౌలి వైపు ఆఫీసులకు పోయాక నా పని మొదలవుతుంది. ట్రాక్టర్ వెనక ఒక ఇరుసు బయటికి వచ్చి ఉంటుంది. దాన్ని పీటీఓ అంటారు. సీటు పక్కన ఉన్న లివర్ వేస్తే ఆ ఇరుసు తిరుగుతుంది, ఇరుసు తిరిగితే వెనక తగిలించిన గడ్డి కోత మిషన్ తిరుగుతుంది. అది తిరగకపోతే ట్రాక్టర్ ఉన్నా లేనట్టే.

దసరా మరునాడు అది తిరగలేదు.

పండగకు రెండు రోజులు సెలవు పెట్టాను. నేను లేనప్పుడు మేనేజర్ ట్రాక్టర్‌కు రంగు వేయించాడు. ఆయుధ పూజకు పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టడం మామూలే. రంగు వేయించడం ఈ సంవత్సరమే కొత్త. కమిటీ వాళ్లు ఫొటోలు దిగుతారట. తిరిగొచ్చేసరికి బండి పెళ్లికూతురిలా ఎర్రగా మెరుస్తోంది, ముందు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. దండ తీసి పక్కన పెట్టి, ఇంజన్ వేసి, క్లచ్ తొక్కి లివర్ లాగాను. లోపల నుంచి కరకరమని చప్పుడు వచ్చింది. ఇరుసు కదల్లేదు. మళ్లీ వేశాను. మళ్లీ అదే చప్పుడు. వెంటనే ఇంజన్ ఆపేశాను, గేరు పళ్లు అరగకూడదని.

మేనేజర్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయనది కోస్తా వైపు, మాట మెత్తగానే ఉంటుంది.

"ఏం చేశారండి బండిని?"

"నేనేం జేస్త సారూ, ఇప్పుడే ఎక్కిన."

"మరి రెండ్రోజుల కింద బాగానే ఉందిగా. ఎవరు నడిపారండి?"

నేను జవాబు చెప్పేలోపు ఫోను పైకెత్తి ఫొటో కొట్టాడు. బండి మీదికి వంగిన నేను, వెనక ఎర్ర మడ్‌గార్డు. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. మధ్యాహ్నం ఒక విల్లా అమ్మగారు తన ఫోను తీసి, విల్లాల వాళ్ల వాట్సాప్ గ్రూపులో మేనేజర్ ఆ ఫొటో కింద ఇంగ్లీషులో రాసింది తెలుగు చేసి చెప్పింది. డ్రైవర్ మొరటుగా వాడడం వల్ల గేర్‌బాక్స్ దెబ్బతిందట. ఆదివారం మీటింగులో బండి అమ్మేసి, గడ్డి పని ఏజెన్సీకి ఇచ్చే సంగతి తేలుస్తారట. ఏజెన్సీ వస్తే వాళ్ల డ్రైవర్ వస్తాడు. నేను ఇంటికి పోతాను. మొరటోడు అనే పేరుతో పోతాను. ఈ వయసులో ఆ పేరు మోసుకుని ఇంకో గేటు ముందు నిలబడితే ఎవడు లోపలికి రానిస్తాడు?

మరుసటి రోజు సర్వీసు మెకానిక్ వచ్చాడు. లివర్ రెండుసార్లు అటూ ఇటూ లాగాడు, చప్పుడు విన్నాడు, చేతులు తుడుచుకున్నాడు.

"గేర్‌బాక్స్ మొత్తం దింపాలె."

"కింద పండుకొని జర సూడు తమ్మీ. ఊరికే దింపాలె అంటవేంది?"

"తాతా, గిసొంటియి రోజు చూస్త. నువ్వు ఊకో."

ప్యాంటు మురికవుతుందని వాడు మోకాలు కూడా నేలకు ఆనించలేదు. మేనేజర్ మాత్రం వాడి మాట కాగితం మీద రాయించుకున్నాడు. ఇంక బండిని ముట్టవద్దని నాతో అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి, పానా పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. నా భార్య అదే కమ్యూనిటీలో క్లబ్‌హౌస్ ఊడుస్తుంది. పొదుపు సంఘంలో సంతకం పెట్టడానికని ఆమె అక్షరాలు నేర్చుకుంది, యాభై దాటాక ఆమె దగ్గర నేను నేర్చుకున్నాను. అప్పటి నుంచి నాతో పంతులమ్మలాగే మాట్లాడుతుంది.

"వచ్చిన కానుంచి గా పానా చేతుల పట్టుకొని కూసున్నవ్. ఎవరి తల పలగ్గొడ్తవ్?"

"ఎవరిదైతే ఏంది."

"తలలు పలగ్గొడ్తె ఇరుసు తిరుగుతదా? ముందు బండి సంగతి సూడు. అది ఎందుకు తిర్గుతలేదో నీకు తెల్వదా?"

అది నిజంగానే మంచి ప్రశ్న. కోపంలో నేను అసలు ఆలోచించనే లేదు. కూర్చుని ఆలోచించాను. లివర్ ఒక పొడుగాటి సందులో నడుస్తుంది. ఎప్పుడూ అది పూర్తిగా పడ్డాక కూడా సందు చివరికి రెండు వేళ్ల ఖాళీ మిగులుతుంది. నిన్న నేను లాగినప్పుడు లివర్ పోయి సందు చివరి ఇనుముకు టంగున తగిలింది. ఏడేళ్లలో ఎప్పుడూ అలా తగల్లేదు. అంటే లోపల గేరు సగం దారిలో ఉండగానే పైన లివర్‌కు దారి అయిపోతోంది. గేర్‌బాక్స్‌కు ఏమీ కాలేదు. లివర్ తన చోటులో లేదు.

శనివారం పొద్దున పెయింటర్‌ను పట్టుకున్నాను. మెయిన్ గేటు దగ్గర డివైడర్ రాళ్లకు పసుపు, నలుపు వేస్తున్నాడు.

"ట్రాక్టర్‌కు రంగు నువ్వే ఏసినవా తమ్మీ?"

"నేనే కాక. మంచిగొచ్చిందా?"

"అద్దం లెక్కుంది. సీటు పక్కన లివర్ ఇప్పినవా?"

వాడు బ్రష్ ఆపలేదు. "ఏ లివర్?"

"దాని కింద గూడ ఎర్ర రంగున్నది. ఇప్పకుంటే నీ బ్రష్ ఆడికెట్ల పోయింది?"

అప్పుడు బ్రష్ డబ్బాలో పెట్టాడు. "ఇప్పిన. ఏడ గూడ పాత రంగు కనవడొద్దని సారే ఇప్పమన్నడు. మల్ల పెట్టిన గదా, గట్టిగనే బిగిచ్చిన."

"గీతలు కలిపినవా?"

"గీతలా? వాటి మీద గూడ రంగేసిన కాక."

వాడి ముఖం మీద డబ్బా బోర్లించాలనిపించింది. "నాలుగు దినాలైంది నన్ను మొరటోడని రాయవట్టి. ఒక్క మాట చెప్పొస్తలేదా?"

"చెప్పిన. నీకు కాదు, సారుకు. లివర్ నేను ఇప్పిన, గందుకేమన్న అయ్యిందేమో అని అన్న. 'మెసేజ్ పెట్టేసిన, ఇగ నువ్వు మాట్లాడకు' అన్నడు సారు."

ఇంక అక్కడ నిలబడలేదు.

బండిని ముట్టవద్దన్న మాట నా చెవికి ఎక్కలేదు. థిన్నర్‌లో గుడ్డ ముంచి లివర్ మొదట్లో రుద్దాను. ఎర్ర రంగు కరిగి, కింద ఇనుము బయటపడింది. లివర్ ఒక చిన్న షాఫ్ట్ మీద కూర్చుంటుంది. ఆ షాఫ్ట్ చుట్టూ సన్నటి పళ్లు ఉంటాయి. షాఫ్ట్ మీద ఒక గీత, లివర్ మీద ఒక గీత. రెండూ ఎదురెదురుగా ఉండాలి. ఒక పన్ను పక్కకు ఉన్నాయి. ఒక్క పన్ను. దీనికి గేర్‌బాక్స్ దింపుతాడట.

బోల్టు వదులు చేశాను. రంగు ఎండి లివర్ షాఫ్ట్‌కు అతుక్కుపోయింది. కర్రముక్క ఆనించి కింద నుంచి మెల్లగా కొట్టాను. కోపంతో సుత్తి ఎక్కువ లేస్తుంటే నాకు నేనే చెప్పుకున్నాను, బండి తప్పేం లేదని. ఊడి వచ్చాక పళ్లలో ఇరుక్కున్న రంగు సూదితో గీకాను. గీతలు కలిపి, బోల్టు బిగించి, ముందు ఇంజన్ వేయకుండానే లివర్ వేసి చూశాను. రెండు వేళ్ల ఖాళీ మిగిలింది. వెనక ఇరుసును చేత్తో తిప్పబోతే గట్టిగా పట్టేసింది. గేరు పడింది. అప్పుడు ఇంజన్ వేసి, క్లచ్ తొక్కి, లివర్ వేసి వదిలాను. కోత మిషన్ తిరిగింది.

ఆ చప్పుడు విని మేనేజర్ వచ్చాడు. ముందు సంతోషపడ్డాడు, తర్వాత నా ముఖం చూశాడు. నేను ఇంజన్ ఆపేశాను.

"అయిపోయిందిగా పెద్దాయనా. కోసేయండి మరి, రేపు మీటింగు."

"నేను కొయ్య. ముందు నువ్వు రాయి. నా మీద ఏడ రాసినవో ఆడనే. తెలుగుల రాయి, నేను చదువుత."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఏదో కొట్టి ఫోను నా చేతికిచ్చాడు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతాను, తొందరపడను. ఎండలో ఆయన నిలబడ్డాడు. ట్రాక్టర్‌లో చిన్న లోపం, ఇప్పుడు సరైంది అని రాశాడు.

"ఎవరి లోపం?"

"అందరికీ అర్థమవుతుందిలెండి."

"నాకు అర్థం గాలె."

రెండోసారి పెయింటర్ తప్పు అని రాశాడు. వాడి మీద నాకు జాలి ఏమీ లేదు. అయినా ఫోను తిరిగి ఇచ్చేశాను.

"వాన్ని ఇప్పమన్నదెవరు? వాడు చెప్పినంక ఊకోమన్నదెవరు? గది గూడ రాయి. లేకుంటే రేపు మీటింగుల వాన్ని పక్కన పెట్టుకొని నేనే చెప్త."

మూడోసారి చాలాసేపు కొట్టాడు. రంగు కోసం తానే లివర్ విప్పించాననీ, తిరిగి పెట్టడంలో పొరపాటు జరిగిందనీ, డ్రైవర్ తప్పు లేదనీ ఉంది. ఊకోమన్న సంగతి లేదు. అది ఆయన రాయడు. రెండుసార్లు చదివి, పంపమన్నాను. పంపాడు. ఎవరో ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు.

వేలితో తెర పైకి జరిపాను. నా ఫొటో, దాని కింద ఇంగ్లీషులో నా మీద రాసిన మాట అలాగే ఉన్నాయి.

"ఇది తీసెయ్యి."

"ఇప్పుడు కుదరదండి. చాలా రోజులైంది కదా, అందరి ఫోన్లలోంచి తీసే టైమ్ దాటిపోయింది."

అది నిజమో అబద్ధమో నాకు తెలియదు. ఫోను ఆయన చేతిలో పెట్టి, బండెక్కి, క్లచ్ తొక్కి లివర్ వేశాను. గడ్డి వైపు తిప్పాను. ఆయన దారిలోనే నిలబడి ఉన్నాడు. నేను ఆపలేదు, ఆయనే పక్కకు జరిగాడు.