తెరచాప పక్కన నిలబడిన మనిషి

ఫోటోలో అంచున నిలబడిన మనిషి మీద హక్కు ఎవరిది? తీసినవాడిదా, చూసి బాగోగులు చెప్పినవాడిదా, లేక ఆ మొహం మళ్ళీ ఒక్కసారి చూడాలని ఇంటి దగ్గర కాచుకుని ఉన్నవాడిదా?

బందరు కాలేజీ చర్చాసభలో ఎవరైనా ఈ ప్రశ్న వేసి ఉంటే, నన్ను ఏ పక్షాన నిలబెట్టినా పావుగంటసేపు తడుముకోకుండా మాట్లాడి ఉండేవాణ్ణి. ఈనాడు ఒక్క వాక్యం కూడా నిలకడగా చెప్పలేకపోతున్నాను. నాగాయలంక రేవులో పడవ నడిపే ఒక సరంగుకు చనిపోయిన తన భార్య బొమ్మ కావాలి. ఆమెను ఫోటో తీసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. ఆమెను అందులోంచి తొలగించిన నియమాన్ని నెగ్గించినవాణ్ణి కూడా నేనే.

ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళం మేము ముగ్గురం. గుడివాడ మిషన్ బడిలో డ్రాయింగు మేష్టారు ఒకరు. ఘంటసాలలో వ్యవసాయం చూసుకుంటూ, దిబ్బల్లోని పాత చెక్కడపు రాళ్ళను ఎండ ఏటవాలుగా పడే వేళ చూసి ఫోటోలు తీసే మిత్రుడు ఒకడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. మూడోవాణ్ణి బందరులో ఉండే నేను, మా మావయ్య వాడి వదిలేసిన మడత కెమెరా నా ఆస్తి. మా ఫోటోలు ఒక అట్టపెట్టెలో తపాలా మీద తిరిగేవి. బందరు నుంచి ఘంటసాలకు, అక్కడినుంచి గుడివాడకు, మళ్ళీ బందరుకు. ప్రతివారూ తక్కిన ఇద్దరి ఫోటోల వెనుక పెన్సిలుతో అభిప్రాయం రాసి పంపాలి. ఏ భాగం అనవసరమని తోస్తే ఫోటోను కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, వెనుకవైపు అక్కడ ఒక గీత గీయాలి.

ఒక ఆదివారం గుడివాడలో మేష్టారింటి అరుగు మీద కూర్చున్నప్పుడు, ఈ గీతలు చాలవని నేను వాదించాను. గీత గీసినా ఎవరమూ మన ఫోటో అంచు కత్తిరించుకోవడం లేదు. తన పని మీద మమకారం ఉన్నవాడు తనకు తానే న్యాయాధిపతి కారాదు. కాబట్టి ఇద్దరు పరీక్షకులూ ఒకే చోట గీత గీస్తే, రెండవవారు అక్కడ కోసి మరీ పంపాలి అన్నాను.

"బావా, కాస్త మెల్లగా. ఇక్కడ చప్పట్లు కొట్టడానికి మేష్టారి మేక తప్ప ఎవరూ లేరు," అన్నాడు ఘంటసాల మిత్రుడు. "సరే, కోశాక తప్పని తోస్తేనో?"

"నెగటివ్ ఉంటుందిగా! మళ్ళీ అచ్చు తీసుకుంటాం."

మేష్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "కాగితం కొయ్యడం నాకు రోజూ ఉన్న పనేనయ్యా. కానీ మనిషి ఉన్నచోట కొయ్యాలంటే కొంచెం ఆలోచించండి," అన్నారు.

"మేష్టారూ, ఫోటోలో మనిషైనా చెట్టయినా వెలుగూ నీడా మాత్రమేనండీ," అన్నాను. ఈ మాట నాకు ఎంతో నచ్చింది. వారిద్దరూ కూడా తలలూపారు. నియమం నెగ్గింది.

ఆ వేసవిలో పాలకాయతిప్ప సముద్రపొడ్డు చూడాలని దివిసీమకు వెళ్ళి, పనిలో పనిగా నాగాయలంక రేవుకూ వెళ్ళాను. ఉదయపు ఎండ. లంకలకు బయలుదేరబోతున్న పడవ మీద తెరచాప అప్పుడే గాలి పట్టింది. నేను మీట నొక్కబోయే క్షణాన ఎడమవైపునుంచి ఒకామె సద్దిగిన్నె చంకన పెట్టుకుని వచ్చి, కెమెరాను చూసి ఆగిపోయింది. నేను నొక్కేశాను. ఆమె సరంగు భార్య.

"మా ఇంటిది కూడా పడిందాండీ బాబుగారూ?" అని పడవలోంచి అరిచాడు సరంగు.

"పడింది."

"చూశావంటే, సద్ది తేవడం ఆలిస్యమైతే ఇట్టాటి మేలు కూడా ఉంటది," అన్నాడు ఆమెతో. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒకటి మాక్కూడా ఇప్పించండి బాబూ. దేవుడి పటం పక్కన పెట్టుకుంటాం."

స్నేహితులు చూశాక తప్పక తెచ్చిస్తానని మాట ఇచ్చాను.

బందరులో మిద్దె మీద, నెగటివ్‌నూ కాగితాన్నీ చట్రంలో బిగించి ఎండలో పెట్టి ఒకే ఒక్క ప్రతి తీశాను. అది పెట్టెలో వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఎడమవైపు రెండు వేళ్ళ మేర లేదు. వెనుక ఘంటసాల మిత్రుడి రాత: "పడవ కదులుతోంది. కన్ను తెరచాప వెంట పోవాలి. ఈవిడ దాన్ని రేవులోనే ఆపేస్తోంది." దాని కింద మేష్టారి రాత: "నిజమే. నియమం ప్రకారం కోశాను." అంచు దారం పట్టి గీసినంత తిన్నగా ఉంది.

ఫోటో బాగుపడింది. నేను దాచలేని సత్యం ఇది. ఆ రోజంతా దాన్ని గోడకు ఆనించుకుని చూసి మురిసిపోయాను.

వానలు పడ్డాక సరంగుకిచ్చిన మాట గుర్తొచ్చింది. రేకు డబ్బా తెరిస్తే వాన చెమ్మకు నెగటివ్ కాగితపు కవరుకు అతుక్కుపోయి ఉంది. నీళ్ళలో నానబెట్టాను. కవరు ఊడలేదు, బొమ్మ ఉన్న పొరే మీగడలా తేలి, నా వేళ్ళ మధ్యనుంచి జారి చిరిగిపోయింది. గిన్నెలో గాజులా తేటపడిన ఫిల్ము మిగిలింది. పిమ్మట, చర్చల్లో ఆరితేరిన బుద్ధి కాబట్టి, ఒక సమాధానం వెతికి పెట్టింది: పడవ అతనిదే కదా, పడవ బొమ్మ ఇస్తే చాలు. కోసిన ఫోటోను అట్ట మీద అతికించి నాగాయలంక వెళ్ళాను.

సరంగు చేతులు తువ్వాలుకు తుడుచుకుని రెండు చేతులతో అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. అట్ట తిప్పి వెనుక చూశాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు.

"మా ఇంటిదేదండీ?"

నేను బొమ్మ కూర్పు గురించి ఏదో మొదలుపెట్టాను. అతను వినలేదు. ఫోటోలో ఎడమ అంచున, రేవు బురద మీద వేలు పెట్టాడు. "ఇక్కడే ఉండాలి గదండీ. ఇదుగో, నీడ పడింది."

ఉంది. తలా, చంకలో గిన్నె గుండ్రనా, ఏటవాలుగా పడవ వైపు సాగిన నీడ. పరీక్షకులిద్దరూ చూడలేదు. ఆ రోజంతా చూసిన నేనూ చూడలేదు.

"శ్రావణంలో జొరం వచ్చిందండీ. నాలుగు రోజులే," అన్నాడు. "మా పిల్లకి మూడేళ్ళు. రేపు మాయమ్మ ఎట్టా ఉండేదని అడిగితే చూపించడానికి మీ కాడ ఉందిలే అనుకున్నా."

అట్టను నాకు తిరిగి ఇవ్వలేదు. కోపపడనూ లేదు. కోపపడితే జవాబు చెప్పుకునే వీలైనా ఉండేది.

అక్కడినుంచి నేరుగా గుడివాడ వెళ్ళాను. మేష్టారికి జరిగినదంతా చెప్పాను. "ముక్క పారెయ్యలేదయ్యా. మొహం ఉన్న కాగితం పారెయ్యడానికి చెయ్యి రాలేదు. చదువుతున్న పుస్తకంలో గుర్తుగా పెట్టాను," అన్నారు. ఆ పుస్తకం పఠనాలయానిది. ఎప్పుడో తిరిగి ఇచ్చేశారు. ఆ నెలలో చదివినవి మూడు నాలుగు; ఎందులో పెట్టారో గుర్తులేదు. పఠనాలయంలో అడిగితే, ఆ పుస్తకాలన్నీ ఊళ్ళకు తిప్పే పెట్టెలో కాలవ పడవ మీద వెళ్ళాయన్నారు. పెట్టె ఒక ఊళ్ళో దిగుతుంది, కొన్ని పుస్తకాలు అక్కడ ఉంటాయి, కొన్ని మరో ఊరికి పోతాయి. నేను రాసిన ఉత్తరాలకు రెండు ఊళ్ళనుంచి జవాబు వచ్చింది: అటువంటిదేమీ లేదని.

ఘంటసాల మిత్రుడు ఒక కార్డు ముక్క రాశాడు. "బావా, గీత గీసింది నేను, కోసింది మేష్టారు, నియమం నీది. ముగ్గురం కలిసినా ఆ పిల్లకు ఆమె ముక్కు ఎలా ఉండేదో చెప్పలేం." నిజం. నేను ఎంత తలచుకున్నా నా కళ్ళకు తెరచాపే కనబడుతోంది.

మా ఫోటోల అట్టపెట్టె ఇప్పుడు తిరగడం లేదు. నియమాన్ని రద్దు చేశాము. దానివల్ల ఎవరికీ ఏమీ తిరిగి రాలేదు.

అందుచేత దివిసీమలోనూ గుడివాడ కాలవల వెంట ఊళ్ళలోనూ ఉన్న చదువరులను వేడుకుంటున్నాను. గుడివాడ పఠనాలయం పుస్తకం మీ ఇంట ఉంటే ఈరోజే తీసి, పుట పుటా విప్పి చూడండి. రెండు వేళ్ళ వెడల్పున ఒక ఫోటో ముక్క, అందులో చంకన గిన్నెతో నిలబడి మీవంక చూసే ఆడమనిషి కనబడితే, దాని బాగోగులు ఎంచకండి. నాకు పంపకండి. నాగాయలంక రేవుకు వెళ్ళే ఎవరి చేతికైనా ఇచ్చి, లంకల పడవ సరంగుకు అందజేయమనండి. నీడ అతని దగ్గర ఉంది. దాని పక్కన పెట్టుకుంటాడు.