మోకాలికి ఎక్సోసోమ్ సూది

మా అక్క ఇబ్రహీంపట్నంలో అంగన్‌వాడీ టీచర్. పిల్లలతో పాటు కింద కూర్చుని లేచీ లేచీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఎముకల డాక్టర్ బరువు తగ్గమన్నాడు, రోజూ కసరత్తు చేయమన్నాడు. అక్కకు అదొక వైద్యంలా అనిపించలేదు. బొంగులూరులో కొత్తగా తెరిచిన క్లినిక్‌లో ఒక్క సూదితో మోకాలు మళ్లీ మామూలైపోతుందని ఎవరో చెబితే నన్ను తోడు తీసుకుపోయింది.

అక్కడి డాక్టర్ ఓపికగానే మాట్లాడాడు. ఒంట్లోని కణాలు కంటికి కనిపించని తిత్తులను వదులుతాయట. వాటిలో ఒక రకం పేరు ఎక్సోసోమ్‌లు. ఒక కణం కబురును ఇంకో కణానికి అవే మోసుకుపోతాయట. బాగుపడమనే కబురు మోకాలికి పంపిస్తామన్నాడు. వినడానికి బాగుంది. మరీ అంత బాగుండటమే నాకు నచ్చలేదు. ఎవరి కణాల నుంచి తీశారని అడిగితే, ఫారిన్ సరుకని మాత్రం చెప్పాడు.

అక్క బల్లమీద పడుకుంది. నర్సు సీసా అందించగానే డాక్టర్ దాని లేబుల్ మీద బొటనవేలు ఆనించి పట్టుకున్నాడు. చూస్తానని చేయి చాపాను. చదివినా మీకు అర్థం కాదన్నాడు.

అక్క లేచి కూర్చుంది. "అర్థం కాకున్నా మంచిదే సార్, జర చూపెట్టుండ్రి. పోయేది నా కాళ్లల్లకే గదా."

ఇచ్చాడు. చర్మంపై పూతకు మాత్రమే, సూదిగా ఎక్కించరాదని ఇంగ్లీషులో ఉంది. నేను అక్కకు తెలుగులో చెప్పాను. అది ఊరికే రాస్తారని డాక్టర్ నవ్వాడు. అక్క చెప్పులు వేసుకుంది.

తర్వాత హైదరాబాద్‌లో సర్కారు దవాఖానకు వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ఎక్సోసోమ్‌లు అబద్ధం కాదంది. రక్తంలో వాటిని వెతికి క్యాన్సర్‌ను ముందే పసిగట్టాలని, మందుగా కూడా వాడాలని పరిశోధనలు జరుగుతున్నాయట. మోకాళ్లకు పనిచేస్తాయని మాత్రం ఇంకా తేలలేదంది. ఆమెనూ అనుమానంగానే చూశాను. చివరికి ఆమె రాసిచ్చింది పాత కసరత్తులే.

ఇప్పుడు అక్క సెంటర్‌లో కుర్చీమీద కూర్చుని పాఠం చెబుతోంది. పొద్దున్నే మంచంమీద కాళ్లెత్తి దించుతుంది. నొప్పి తగ్గింది, పోలేదు. మొన్న కాలు ఎత్తి పట్టుకునే అడిగింది.

"గా సూది నిజంగనే పనిచేస్తుండెనేమో, తమ్మీ?"

నాకు తెలియదన్నాను.