నాలుగు చింతపిక్కల రిస్క్ రివ్యూ

ఆ రోజుల్లో మాకు నవ్వుకోవడానికి కూడా మీటింగ్ రూమ్ బుక్ చేసుకోవాల్సి వచ్చేది. హైదరాబాద్ రాయదుర్గంలో నా మొదటి ఉద్యోగం, ఆర్నెల్ల ప్రొబేషన్‌లో ఐదో నెల. పని తెమలక వాష్‌రూమ్‌లో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చోవడం అలవాటైపోయింది (ఏడుపుకి బుకింగ్ అక్కర్లేదు). పక్క సీటు కాకినాడక్క అది కనిపెట్టి, "ఇలాగైతే ఆర్నెల్లు కూడా నిలబడవే పిల్లా. గురువారం నాలుగింటికి అరగంట ఆడుకుందాం" అంది. చింతపిక్కలు పార్కింగ్ మెట్ల మీద ఓ వైపు తెల్లగా అరగదీసి తెచ్చింది. కాగితం మీద గళ్లు, కాయలకి పెన్ను మూతలు. అష్టాచమ్మా! క్యాలెండర్‌లో మాత్రం 'రిస్క్ రివ్యూ'. ఆ అరగంట కోసం వారమంతా ఈదేసేదాన్ని.

ఓ వారం ఆహ్వానం పంపుతూ, అక్క పేరుకి బదులు టీమ్ మొత్తాన్ని నొక్కేశాను. మిగతావాళ్లు మీటింగంటే మాయమయ్యే రకం. మేనేజరు గారు మాత్రం వెంటనే వస్తానన్నారు. నన్ను ఉంచాలో పంపాలో రాయాల్సింది ఆయనే. రద్దు చేస్తే ఎందుకని అడుగుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గంటలో పది స్లైడ్లు వండాం. తీరా నాలుగింటికి ఛార్జర్ కోసం బ్యాగులో చెయ్యి పెట్టి లాగితే, దాంతోపాటు పిక్కలూ వచ్చి టేబుల్ మీద పడ్డాయి. నాలుగూ తెల్లగా. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశారు. "చమ్మా పడ్డది. ఇంకోసారి ఎయ్యి."

నేను గబగబా పిక్కలు పోగుచేయబోయాను. "గళ్ల కాగితం యాడుంది? జర తియ్యుండ్రి" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. పావుగంటలో రెండుసార్లు నా కాయని చంపారు, రెండోసారి ఒక గడి ఎక్కువ జరిపి మరీ. "సార్, తొండి!" అని అరిచేశాను. అక్క నా కాలు తొక్కింది. "ఐదు నెలలకు నోరు లేసింది. ఇగ ఫికర్ లేదు, ఉంటవు" అన్నారాయన నవ్వుతూ. ఉన్నాను.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. మొన్న మా కొత్త పిల్లల దగ్గర్నుంచి 'రిస్క్ రివ్యూ' ఆహ్వానం వచ్చింది, గురువారం నాలుగింటికే. పొంగిపోయి, డ్రాయర్లోంచి పిక్కలు తీసుకుని ఐదు నిమిషాలు ముందే వెళ్లాను. నలభై స్లైడ్లు చూపించారు. అన్నీ నిజమైన రిస్కులే. చివర్లో "ఇంకేమైనా ఉన్నాయా మేడం?" అనడిగింది వాళ్లలో ఓ అమ్మాయి. కళ్లు కాస్త ఎర్రగా ఉన్నాయి, మొహం అప్పుడే కడుక్కొచ్చినట్టుంది. ఒకటుందని గుప్పిట తెరిచాను.

"ఇవేంది మేడం?" అంది.

నవ్వొచ్చింది, దిగులూ వేసింది. కాగితం ముందుకు లాక్కుని గళ్లు గీయడం మొదలుపెట్టాను.