పసుపు పెట్టిన కాగితం

ఎవరైనా పాత కారు కొన్నామని సంబరంగా చెబితే నేను రంగు అడగను, ఎంత పడిందని అడగను. కాగితం ఎవరి పేరున ఉందని అడుగుతాను. ఆ పేరున్న మనిషి బతికే ఉన్నాడా, పోయి ఉంటే వారసులెవరు, సంతకం నీ కళ్ల ముందే పెట్టారా అని గుచ్చి గుచ్చి అడుగుతాను. మా కోడళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వుకోనీ. వాళ్లకు మా నాయన కారు సంగతి తెలియదు. నేనెవరికీ చెప్పలేదు.

మాది గద్వాల. నాయన చీరలు నేసేవాడు. నూలు చీరకు పట్టు అంచు కలిపే పనిలో ఆయన చెయ్యి మంచిదని పేరు. కానీ ఏళ్ల తరబడి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని మోకాళ్లు పోయాయి. లేవాలంటే ఇద్దరు పట్టుకోవలసి వచ్చేది. అలాంటి రోజుల్లో, వనపర్తి అవతలి ఒక ఊళ్లో దొర చనిపోయాడని, ఆయన కారును దొరసాని అమ్మేస్తోందని తెలిసింది. ఆ కారు వాకిట్లో కనిపిస్తే దొరే దిగి వస్తున్నట్టు ఆమెకు అనిపిస్తోందట. ఆ ఇంటికి మా చీరలు పోయేవి. కారును పెళ్లిళ్లకు కిరాయికి తిప్పితే గుంటలో దిగే పని తప్పుతుందని నాయన ఆశపడ్డాడు. ఉన్న రెండు మగ్గాలూ, అమ్మ మెడలోని బంగారు గుండ్లూ దానికే పోయాయి. ఇక ఆ కారు నడిస్తేనే మా పొయ్యి వెలగాలి.

ఓడలో వచ్చిన నల్లటి పెద్ద సీమ కారు. తోలు సీట్లు, ఘోషా కోసం కిటికీలకు పట్టు తెరలు, ముందు అద్దం పక్కన పూలు పెట్టుకునే చిన్న వెండి గిన్నె. ఎండాకాలం కృష్ణ సన్నబడ్డాక రెండు పడవలు జోడించి, పైన పలకలు పరిచి దాటించారు. దొర దగ్గర పనిచేసిన డ్రైవరు కూడా కారుతోపాటే మా దగ్గరికి వచ్చాడు. ఆయన్ని నేను చాచా అనేదాన్ని.

నైజాం సర్కారు కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ చదవడం రాదు. చాచాకు వచ్చు. ఇంజను మూత ఎత్తి, ఇనుము మీద కొట్టిన నంబరును కాగితంలోని నంబరుతో సరిచూశాడు.

"నంబర్ కలిసిందన్నా. ఇంజన్ సాఫ్ ఉన్నది. గని పేరు ఇంకా దొరదే. దొరసానమ్మ దస్కత్ పడందాక ఈ బండి నీది కాదు. రేపు ఎవరన్న వచ్చి నాదంటే ఏం చెప్తవ్?"

"తాంబూలం ఇచ్చిండ్రు కదనయ్యా," అన్నాడు నాయన. "మొగడు పోయి మూడు నెల్లు కాలే. గిప్పుడే పోయి దస్కత్ అడుగుతమా?"

చాచా వినలేదు. పేరు మార్పు కాగితం తనే రాయించి తెచ్చాడు. దొరసాని ఘోషాలో ఉండేది, మగవాళ్ల ఎదుటికి రాదు. కాబట్టి లోపలికి పోవలసింది నేను. అప్పుడు నాకు పదేళ్లు. బయలుదేరే ముందు చాచా కాగితం అడుగున మూలన ఉన్న ఖాళీ జాగా చూపించి చెప్పాడు: "బేటీ, ఆమె ఏం చెప్పినా లేవకు. ఇక్కడ సిరా కనపడాలె. గప్పుడే లెవ్వు."

కారునూ చాచానూ గద్వాలలోనే ఉంచి, నాయనా నేనూ ఏరు దాటి పోయాం. నాయన దొరగారి అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్లాను.

మా అంచు చీరల్లో మెరిసిపోతుండే మనిషి తెల్ల చీర కట్టుకుని చాప మీద కూర్చుని ఉంది. కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. ఒకచోట వేలు ఆనించింది.

"ఇది ఆయన పేరు. దీన్ని కొట్టేసి మీ నాయిన పేరు రాస్తరు. అంతే కదా?"

తలూపాను.

"పెండ్లయిన కాడికెల్లి ఈ పేరు నోటితోటి అనలే బిడ్డా. ఇప్పుడు చేత్తోటి కొట్టెయ్యమంటవా?"

ఆమె ఏడ్చింది. అంత పెద్ద మనిషి చప్పుడు లేకుండా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది. తన కొంగుతోనే నా మొహం తుడిచింది. "ఏడాది తిరగనీ. మాసికాలన్ని అయినంక నేనే పిలిపించి దస్కత్ పెడ్త. అందాక పెట్టిందనే చెప్పు. లేకుంటే మీ నాయిన పరేషానైతడు. నా మీద ఒట్టు."

నేను ఒట్టేశాను. కాగితం మడిచి పిడికిట్లో పట్టుకుని బయటికి వచ్చాను.

"పెట్టిందా?" అన్నాడు నాయన.

"పెట్టింది," అన్నాను.

నాకు నోరెక్కువని ఊరంతా అంటారు. ఆ రోజు ఆ నోట్లోంచి వచ్చింది ఒక్క మాట, అదీ అబద్ధం.

మా ఇంట్లో కొత్తది ఏదైనా సరే, పసుపు తాకకుండా లోపలికి రాదు. ఇంటికి చేరగానే నాయన తలస్నానం చేసి, ఏ గీత దస్కతో తనకు తెలియని ఆ ఉర్దూ కాగితం నాలుగు మూలలా తడి పసుపు దిట్టంగా రాసి, కుంకుమ బొట్లు పెట్టి, రేకు పెట్టెలో పెట్టి దేవుని గూట్లో దాచాడు. చాచా చూపించమన్నాడు. మహబూబ్‌నగర్ సర్కారు కచేరీ దస్త్రంలో ఎక్కించాలన్నాడు. "దేవుని కాడ పెట్టినయ్యా. పెండ్లిండ్లు దాటనీ, పోదాం," అన్నాడు నాయన. చాచా మా దేవుని గూట్లో చెయ్యి పెట్టే మనిషి కాదు. గడప దగ్గరే ఆగిపోయాడు.

ఆ యేడు పెళ్లిళ్లు బాగా కలిసొచ్చాయి. నాయన ముందు సీట్లో కూర్చుని, "కాళ్లు సాపుకోని బతుకుడు గిట్లుంటదా!" అని ఒకసారి పగలబడి నవ్వాడు. నేను మాత్రం దొర మాసికాలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఎనిమిదో మాసికానికి ముందే దొరసాని జ్వరంతో పోయిందని కబురొచ్చింది. ఆ రోజు నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. అమ్మ దిష్టి తీసింది.

నెల తిరక్కుండానే నాగర్‌కర్నూల్ నుంచి, పిల్లల్లేని ఆ ఇంటికి వారసుడైన దొర తమ్ముడు పోలీసు ఠాణా అమీన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. కారు తన అన్న పేరున ఉంది, అమ్మినట్టు కాగితం చూపించమన్నాడు. నాయన ఏమాత్రం బెదరలేదు. చేతులు కడుక్కుని, పెట్టె తెచ్చి, కాగితం రెండు చేతులా అందించాడు.

అమీన్ విప్పాడు. ఎండిన పసుపు పొడిపొడిగా రాలింది. తిప్పి చూశాడు, ఎండకు పట్టి చూశాడు. "దస్కత్ ఏదీ?" అన్నాడు.

నాయన వంగి అడుగున వెతికాడు. సంతకం ఉండవలసిన చోట మందంగా పసుపు మరక ఉంది. ఆయన తన రెండు అరచేతులూ చూసుకున్నాడు. "నా చేతుల్తోటే తుడుసుకుంటి కదనే," అన్నాడు అమ్మతో.

చాచా ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. పసుపు తగిలితే సిరా చెదురుతుంది గాని ఆనవాలు లేకుండా పోదని ఆయనకు తెలుసు. తలెత్తి నావైపు చూశాడు. నేను అమ్మ వెనక్కి పోయాను. ఆయన కాగితం మడిచి నాయన చేతిలో పెట్టాడు. కారును దొర తమ్ముడు తీసుకుపోయాడు, దాంతోపాటు చాచా పనీ పోయింది.

నాయన మళ్లీ గుంటలోకి దిగాడు, ఈసారి పరాయి మగ్గం మీద కూలికి. పొద్దున ఇద్దరు దింపేవారు, సాయంత్రం ఇద్దరు లేపేవారు. పక్కన నూలు కండెలు చుడుతూ రోజూ అనుకునేదాన్ని, ఇవాళ చెప్పేస్తానని. మొదట్లో ఒట్టుకు భయపడ్డాను. తర్వాత దెబ్బలకు. ఆ తర్వాత, చెబితే ఆయన మొహం చూడలేనని.

నాకు పెళ్లి కుదిరి లగ్నపత్రిక రాసిన రోజు, పంతులు పసుపు గిన్నె జరిపి నాయనను పెట్టమన్నాడు. నాయన చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"వద్దు సామీ. నా చెయ్యి మంచిది కాదు. రాసింది తుడిసిపెట్టుకపోతది."

అందరూ సర్దిచెప్పారు. ఆయన వినలేదు. చివరికి మా మేనమామ పెట్టాడు. నేను తలుపు చాటునే నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను కూడా. మళ్లీ మూసుకున్నాను.

ఆ తర్వాత నాయన తొమ్మిదేళ్లు బతికాడు. ఒక్క కాగితానికీ పసుపు పెట్టలేదు.